ఎగ్మోరు చర్చిలో ఈలల పెట్టె

పోయిన నెల ఈ పుటలో మిల్లు సంగు గురించి రాశాను. మూడు షిఫ్టులకూ మన వాడలను లేపిన ఆ సంగు కూడా గాలి పనే కదా, సన్నని సందులోంచి దూరి అరిచిన గాలే కదా అని అందులో ఒక మాట అన్నాను. దానికి మదురై నుంచి కాలేజీ చదివే ఒక పాప జాబు రాసింది. "తాతా, అరిచే గాలి గురించి రాశారు సరే, పాడే గాలి గురించి కూడా రాయండి. మద్రాసులో ఒక పాత చర్చిలో గోడంత గొట్టాల వాద్యం ఉందట, నిజమేనా?" అని అడిగింది. నిజమే తల్లీ. ఈ నెల దాని సంగతే.

మదురై నుంచి వైగై ఎక్కినా పాండియన్ ఎక్కినా దిగేది ఎగ్మోరులోనే. మన కోయంబత్తూరు వాళ్ళు సెంట్రల్‌లో దిగుతారు. ఆ రెండు స్టేషన్లకూ అందుబాటులో, పూనమల్లి హైరోడ్డు పక్కన, చెట్ల మధ్య తెల్లటి శిఖరం ఒకటి కనిపిస్తుంది. అది సెయింట్ ఆండ్రూస్ చర్చి. జనం దాన్ని 'కర్క్' అంటారు. స్కాట్లాండు వాళ్ళ మాటలో కర్క్ అంటే చర్చి అనే అర్థం. మద్రాసులో ఉన్న స్కాట్లాండు వాళ్ళ కోసం కంపెనీ దొరతనం కాలంలో కట్టింది. 1818 ఏప్రిల్ 6న పునాది వేశారు, 1821 ఫిబ్రవరి 25న తెరిచారు. కట్టినాయన మేజర్ థామస్ ఫియట్ డి హావిలాండ్ అనే ఇంజనీరు. అక్కడి నేల మెత్తన, బరువు మోయదు. అందుకని బావులు దించినట్టుగా ఇటుకల బావులు దించి, వాటి మీద పునాది నిలబెట్టారు. లోపల గుండ్రటి హాలు, పదహారు స్తంభాలు, వాటి మీద పెద్ద గోపురం. గోపురం లోపలి వైపు ఆకాశం మాదిరి నీలం రంగు, మధ్య మధ్య బంగారు చుక్కలు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేదాకా చూడబుద్ధవుతుంది.

వాద్యం ఎదురుగానే ఉంటుంది. పొడుగ్గా నిలబెట్టిన గొట్టాలు, మెరుపు తగ్గిన బంగారు రంగులోనూ సీసా పచ్చ రంగులోనూ వరసగా కనిపిస్తాయి. దాన్నే పైప్ ఆర్గన్ అంటారు. దీన్ని చేసింది ఇంగ్లాండులోని యార్క్‌షైర్ జిల్లాలో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పీటర్ కొనాకర్ కంపెనీ. ఇక్కడ నిలబెట్టిన ఏడు 1883. మన కోయంబత్తూరులో స్టేన్స్ దొర స్పిన్నింగ్ మిల్లు పెట్టింది 1888లో. మదురైలో హార్వీ అన్నదమ్ముల మిల్లు 1892లో. అంటే మన రెండు ఊళ్ళలో మొదటి మిల్లు సంగు కూయక ముందే ఈ ఆర్గన్ మద్రాసులో పాడుతూ ఉంది.

ఆ హడర్స్‌ఫీల్డ్ కూడా మనలాంటి ఊరే. మనకు నూలు ఎట్లాగో వాళ్ళకు ఉన్ని అట్లా. కోటు గుడ్డకు ఆ ఊరి పేరు లోకమంతా తెలుసు. మిల్లు పొగగొట్టాలు, మిల్లు కూలీల ఇళ్ళ వరసలు ఉన్న ఊళ్ళో 1854 నుంచి ఈ కంపెనీ ఆర్గన్లు చేసింది. వడ్రంగి పని, తోలు పని, సీసం తగరం కరిగించి పోసే పని, ఇవన్నీ తెలిసిన చేతులు చేసిన వస్తువు అది. ఇంత పెద్దదాన్ని విప్పకుండా తరలించలేరు. ముక్కలు ముక్కలుగా విప్పి, ఓడలో తెచ్చి, ఇక్కడ మళ్ళీ కూర్చవలసిందే. మిల్లులో కొత్త ఫ్రేము దిగినప్పుడు ఎరెక్షన్ పని చూసినవాళ్ళకు ఆ శ్రమ నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. చర్చి తెరిచింది 1821లో, ఈ ఆర్గన్ వచ్చింది 1883లో. మధ్య అరవై రెండేళ్ళ తేడా. అదేమీ డబ్బు లేక మాత్రమే కాదు. స్కాట్లాండు చర్చిలో వాద్యం అంటేనే పెద్ద తగువు ఉండేది. దేవుణ్ణి మనిషి గొంతుతోనే కొలవాలి, వాద్యాలు ఆడంబరం అని వాళ్ళ పాత పెద్దలు ఆర్గన్లను తీసి పారేశారు. దాన్ని ఎగతాళిగా 'ఈలల పెట్టె' అని పిలిచేవాళ్ళు. 1807లో గ్లాస్గో ఊళ్ళో ఒక చర్చిలో ఆర్గన్ వాయిస్తే పెద్దల సభ కూర్చుని దాన్ని ఆపించింది. 1863లో ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ చర్చి పాదిరి రాబర్ట్ లీ అనే ఆయన ధైర్యం చేసి ముందు ఒక హార్మోనియం పెట్టాడు. 1865లో ఆర్గనే పెట్టాడు. ఎంతో వాదం జరిగాక సభ ఒప్పుకుంది. ఆ తరువాత ఇరవై ఏళ్ళలో స్కాట్లాండులో ఊరూరా ఆర్గన్లు లేచాయి. ఎగ్మోరుకు ఆర్గన్ వచ్చింది ఆ గాలి వీచిన కాలంలోనే. మన వాడల్లోనూ భజన కూటంలో మైకు పెట్టాలా వద్దా అని తగువులు చూశాం కదా. పెద్దలు వద్దంటారు, పిల్లలు కావాలంటారు, చివరికి ఒకడు తెచ్చి పెడతాడు. అన్ని చోట్లా అదే కథ.

ఇప్పుడు పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. చూడడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ సూత్రం చిన్నది. కింద తిత్తి ఉంటుంది, కొలిమి తిత్తి లాంటిదే, కాకపోతే మంచమంత పెద్దది. దాని మడతలకు గొర్రె తోలు అంటిస్తారు. తిత్తి మీద బరువులు పెడతారు కాబట్టి గాలి ఒకే ఒత్తిడితో వస్తుంది. ఆ గాలి పైనున్న గాలిపెట్టెలోకి పోతుంది. పెట్టె మీద గొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. ప్రతి గొట్టం కింద చిన్న మూత. వాయించేవాడు మెట్టు నొక్కితే ఆ మూత తెరుచుకుని గాలి గొట్టంలోకి దూరుతుంది, గొట్టం పలుకుతుంది. వేలు తీస్తే మూత పడుతుంది, పలుకు ఆగుతుంది. చేతులకు మెట్లు ఉన్నట్టే కాళ్ళకు కూడా చెక్క మెట్లు ఉంటాయి, మంద్ర స్వరాలకు. పక్కన లాగే పిడులు ఉంటాయి. ఒక్కో పిడి లాగితే ఒక్కో రకం గొట్టాల వరస పలకడానికి సిద్ధమవుతుంది. ఒకటి పిల్లనగ్రోవి మాదిరి, ఒకటి బూర మాదిరి.

గొట్టాలు రెండు జాతులు. ఒక జాతి పిల్లనగ్రోవి లాంటిది. అంచుకు గాలి కొట్టుకుని పలుకుతుంది. రెండోది నాదస్వరం లాంటిది. లోపల రీడు అదురుతుంది. గొట్టం పొడుగును బట్టి స్వరం. రెండడుగుల గొట్టం పాడే స్వరమే నాలుగడుగుల గొట్టం కింది స్థాయిలో పాడుతుంది, ఎనిమిది అడుగులది ఇంకా కింది స్థాయిలో. పెద్ద ఆర్గన్లలో పదహారడుగుల గొట్టాలు కూడా ఉంటాయి. అవి పలికితే చెవికన్నా ముందు కూర్చున్న బల్లకు తెలుస్తుంది.

ఇంత గొంతుకు ఎంత ఒత్తిడి కావాలి అనుకుంటారు? నేనూ మిల్లు కంప్రెసర్ అంత ఉండాలనుకున్నాను. మామూలు ఆర్గన్‌కు మూడు అంగుళాల నీటి ఒత్తిడి చాలునట. అంటే ఏమిటంటే, గ్లాసు నీళ్ళలో స్ట్రా మూడు అంగుళాలు ముంచి ఊదండి. బుడగలు రావడానికి మీ బుగ్గలు ఎంత బలం పెడతాయో అంతే. పసిపిల్ల ఊదగలదు. కాకపోతే ఒక్క గొట్టానికి కాదు, పాట ఉన్నంతసేపూ, ఎన్ని గొట్టాలు తెరుచుకుంటే అన్నిటికీ, ఒత్తిడి తగ్గకుండా ఊదాలి. మిల్లు పని కూడా అంతే కదా, ఒక బాబిన్ మార్చడం బరువు కాదు, ఎనిమిది గంటలు మార్చడం బరువు.

ఆ గాలిని నింపింది ఎవరు? ఇప్పుడైతే కరెంటు ఫ్యాను ఊదుతుంది. 1883లో మద్రాసులో కరెంటు ఎక్కడిది? మన కోయంబత్తూరుకు పైకారా కరెంటు వచ్చి మిల్లులు పుట్టగొడుగుల్లా లేచిందే 1930ల్లో. కరెంటు రాక ముందు లోకంలో ఎక్కడ ఆర్గన్ ఉన్నా దాని పక్కనో వెనకనో ఒక మనిషి ఉండేవాడు. పెద్ద చెక్క పిడిని పైకీ కిందికీ కొడుతూ తిత్తి నింపేవాడు. ఇంగ్లాండులో కొన్ని చోట్ల నీటి ఒత్తిడితో నడిచే యంత్రాలు పెట్టారు గానీ ఎక్కువ చోట్ల మనిషి భుజమే. వాడికి ముందున్న జనం కనపడరు, జనానికి వాడు కనపడడు. తిత్తి ఎంత నిండిందో తెలియడానికి ఒక దారానికి సీసపు గుండు కట్టి గోడ మీద వేలాడదీసేవాళ్ళు. తిత్తి లేస్తే గుండు దిగుతుంది, తిత్తి దిగితే గుండు లేస్తుంది. వాడి కన్ను ఆ గుండు మీదే. గుండు గీత దాటి లేచిందంటే పాట మధ్యలో ఆర్గన్ మూలుగుతుంది. అప్పుడు అందరూ తిరిగి చూసేది వాయించేవాడి వైపు, తిట్లు తినేది మాత్రం తిత్తి వాడు.

ఆర్గన్ల చరిత్రలు చదివితే చేసిన కంపెనీ పేరు ఉంటుంది, డబ్బిచ్చిన దొర పేరు ఇత్తడి రేకు మీద ఉంటుంది, వాయించినవాళ్ళ పేర్ల జాబితా ఉంటుంది. తిత్తి కొట్టినవాడి పేరు ఉండదు. కానీ ఇంగ్లాండు పల్లెల్లో పాత ఆర్గన్లు విప్పినప్పుడు ఒక సంగతి బయటపడుతూ ఉంటుంది. వెనక చెక్క మీద, పిడి పక్కన, చాకుతో గీసిన పేర్లు, ఏళ్ళు. తిత్తి కొట్టిన కుర్రాళ్ళు ప్రసంగం సాగుతున్నంతసేపు ఊరికే కూర్చోలేక తమ పేరు గీసుకున్నారు. ఎవరూ రాయకపోతే వాళ్ళే రాసుకున్నారు. మిల్లు గోడౌన్ తలుపుల వెనక, టైం ఆఫీసు గోడ మీద బొగ్గుతో రాసిన పేర్లు మనమూ చూశాం. ఎందుకు రాస్తారో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

ఈ ఆర్గన్ అనేదాన్ని మొదట చేసినవాడి కథ కూడా మనకు నచ్చేదే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా ఊళ్ళో క్టెసిబియస్ అనే ఆయన ఉండేవాడు. తండ్రి క్షవరం పని చేసేవాడు. నీళ్ళ బరువుతో గాలిని అదిమి పట్టి గొట్టాల్లోకి పంపే వాద్యం ఆయన చేశాడు. అది చర్చిలు పుట్టక ముందు. రోమువాళ్ళు దాన్ని ఆటల మైదానాల్లో వాయించారు. చర్చిలోకి అది వచ్చింది ఎంతో తరువాత. వాద్యానికి మతం లేదు, ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళ పాట పాడుతుంది.

మగ్గం పని చేసే మన ఇళ్ళ కోసం ఇంకొక సంగతి. సిరుముగై వైపు పట్టు చీరల అంచుకు జకార్డు అట్టలు వాడతారు కదా. చిల్లులు పొడిచిన అట్టలు దండలా కట్టి మగ్గం మీద వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో లియోన్ ఊళ్ళో జకార్డు అనే ఆయన 1800ల మొదట్లో దాన్ని పైకి తెచ్చాడు. 1892లో పారిసులో గావియోలి అనే ఆర్గన్ కంపెనీ అదే అట్టల ఉపాయాన్ని వాద్యానికి పెట్టింది. చిల్లు వచ్చినచోట గొట్టం పలుకుతుంది. వాయించేవాడు అక్కర్లేకుండా తిరునాళ్ళలో రంగులరాట్నం పక్కన ఆర్గన్ తానే పాడింది. నేతగాడి అట్ట పాటగాడి అట్ట అయ్యింది. మన పని చిన్నదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మరి ఇంత పెద్ద వాద్యం మన వాడలకు ఎందుకు రాలేదు? వచ్చింది, చిన్నదై వచ్చింది. గొట్టాలు తీసేసి, రీడ్లు మాత్రం ఉంచి, తిత్తిని కాళ్ళతో తొక్కేటట్టు చేసిన పెట్టెకు 1840ల్లో పారిసులో డెబెయిన్ అనే ఆయన హార్మోనియం అని పేరు పెట్టాడు. దాన్ని ఇంకా చిన్నది చేసి, కింద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ ఒక చేత్తో వాయించేటట్టు చేసింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. ఆయన కంపెనీ ద్వార్కిన్, 1875లో పెట్టింది. అక్కడి నుంచి అది దేశమంతా పాకింది. తెలుగు పద్య నాటకానికి అదే ఊపిరి. మన రామభజనలకు అదే, దర్గాల్లో ఖవ్వాలీకి అదే, గురుద్వారాల్లో అదే, చిన్న చర్చిల్లో అదే. మన వైపు దాన్ని వట్టిగా 'పెట్టె' అంటాం. ఆ పెట్టె ఎగ్మోరు ఈలల పెట్టెకు మనవరాలు.

అయితే పెట్టెకు ఒక లోపం ఉంది, తాతకూ ఉంది. మెట్టుకు మెట్టుకు మధ్య ఉన్న స్వరం పలకదు. మన రాగంలో స్వరం ఊగాలి, జారాలి. మెట్టు ఊగదు. ఈ కారణం చెప్పే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. మదురై క్రైస్తవులకు ఈ చిక్కు ఇంకా ముందే తెలుసు. దొరల పాటలు మాటలు మార్చి పాడిస్తే జనం నోటికి ఎక్కలేదు. 1853లో మదురై అమెరికా మిషన్ పాదిరి ఎడ్వర్డ్ వెబ్, వేదనాయగం శాస్త్రి కట్టిన కీర్తనలను చేర్చి పుస్తకం వేయించాడు. అవి మన రాగాల్లో ఉన్న తమిళ కీర్తనలు. తెలుగులో పురుషోత్తమ చౌదరి అట్లాంటి పని చేశారు. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆయన కట్టిన కీర్తనలు ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం తాళం పేర్లతో సహా ఉన్నాయి. అందుకే ఆర్గన్ ఊరి పెద్ద చర్చిల్లో మిగిలిపోయింది, పల్లె చర్చి తాళాలతో చప్పట్లతో పాడుకుంది. ఏది గొప్ప అని నన్నడక్కండి. గోపురం కింద గుంపు పాటకు ఆర్గన్ గొప్ప, వేపచెట్టు కింద పాటకు తాళం గొప్ప.

మదురై మిల్లు కుటుంబాలకు ఇంకొక ముడి విప్పుతాను. హార్వీ అన్నదమ్ములు స్కాట్లాండు వాళ్ళు. వాళ్ళ మదురా మిల్లు తరువాతి కాలంలో కోట్స్ దారపు కంపెనీతో కలిసి మదురా కోట్స్ అయ్యింది. ఆ కోట్స్ కుటుంబం ఊరు స్కాట్లాండులోని పెయిస్లీ. మనింటి కుట్టు మిషన్ మీద తిరిగిన దారపు ఉండల పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. ఆ ఇంటి పెద్ద థామస్ కోట్స్ చనిపోయింది 1883లో, మన ఎగ్మోరు ఆర్గన్ నిలబెట్టిన ఏడే. ఆయన జ్ఞాపకంగా కుటుంబం పెయిస్లీలో ఒక పెద్ద చర్చి కట్టించి 1894లో తెరిచింది. అందులోనూ ఒక మేలైన ఆర్గన్, విలియం హిల్ కంపెనీ చేసింది. దారం డబ్బుతో వచ్చిన పాట అది. ఆ దారం వెనక పెయిస్లీ ఆడపిల్లల చేతులు ఉన్నాయి. అయితే ఊళ్ళో మిల్లులు పోయాయి, జనం తగ్గారు, 2018లో ఆ చర్చిలో ఆరాధన ఆగిపోయింది. మిల్లు పోతే మిల్లు మాత్రమే పోదు, దాని చుట్టూ నిలబడినవన్నీ ఒక్కొక్కటే వంగుతాయి. ఇది మనకు కొత్త పాఠం కాదు.

ఎగ్మోరులో చర్చి నిండుగా ఉంది, అది అదృష్టం. కానీ ఆర్గన్ బతకడానికి జనం ఉంటే చాలదు. మన ఎండ దానికి శత్రువు. గాలి వేడెక్కితే పిల్లనగ్రోవి జాతి గొట్టాల శ్రుతి పైకి పోతుంది. పది డిగ్రీలు పెరిగితే అర స్వరంలో నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. రీడు గొట్టాలు అంతగా మారవు. కాబట్టి మార్గళిలో కుదిర్చిన శ్రుతి చిత్తిరై ఎండలో తగువు పెట్టుకుంటుంది. తేమ పెరిగితే చెక్క ఉబ్బి మూత ఇరుక్కుంటుంది. వేలు తీసినా గొట్టం మోగుతూనే ఉంటుంది. తేమ తగ్గితే చెక్క పగులుతుంది, తోలు ఎండి గాలి కారుతుంది. మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు ఒక గంట ఆగితే రింగ్ ఫ్రేముల మీద పోగులు ఎట్లా తెగేవో గుర్తుందా? ఆర్గన్‌కూ అదే జబ్బు. దానికి తోడు చెద, ఎలుక, దుమ్ము.

అయినా నూట నలభై ఏళ్ళు ఎట్లా నిలిచింది? దాన్ని చేసిన తీరే కారణం. తోలు పోతే తోలు మార్చవచ్చు, మూత పోతే మూత మార్చవచ్చు, గొట్టం నలిగితే తీసి సాపు చేయవచ్చు. ఏ ముక్కా మూసి అతికించినది కాదు. విప్పితే లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. పాత రింగ్ ఫ్రేములూ అట్లాంటివే. కానీ విప్పడం తెలిసిన చెయ్యి ఉండాలి. ఆర్గన్ శ్రుతి చేసే పని మన దేశంలో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. అది పుస్తకంలో చదివి వచ్చేది కాదు. ఒకరు మెట్టు నొక్కి పట్టుకుంటే ఒకరు గొట్టాల మధ్య దూరి చెవితో వింటూ కుదర్చాలి. గురువు పక్కన ఏళ్ళ తరబడి నిలబడితేనే ఆ చెవి తయారవుతుంది.

ఇది చదువుతుంటే నాకు నా పని గుర్తుకొచ్చింది, అందుకే ఒక్క మాట చెబుతాను. నేను పనిచేసిన మిల్లు మూతబడ్డాక ఫ్రేములను తూకం లెక్కన అమ్మారు. కిలోకు ఇంత అని. స్పిండిల్ చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పగల మా ఫిట్టర్ మేస్త్రి ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లారీలో పోయిన ఇనుముకు ఒక ధర కట్టారు. ఆయన చెవికి ఎవరూ ధర కట్టలేదు. ఆయన వెంటే అది మట్టిలో కలిసింది. ఆ ఫ్రేముల్లో కొన్ని ఇంకా ఇరవై ఏళ్ళు తిరగగలవు. యంత్రం ముసలిదై చావలేదు. తెలిసినవాణ్ణి పంపేశాక చచ్చింది.

ఎగ్మోరు ఆర్గన్ దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. వస్తువును కాపాడాలంటే పని తెలిసినవాణ్ణి కాపాడాలి, వాడి పక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టాలి. సంఘం వాళ్ళు పాత వస్తువులను అద్దాల పెట్టెలో పెట్టాలని అంటూ ఉంటారు. మంచిదే. కానీ వాయించని ఆర్గన్ బల్లతో సమానం. వాడుతూ, పాడైతే బాగు చేస్తూ ఉంటేనే అది ఉన్నట్టు.

మన చేతిలో ఉన్నది చిన్న పని. మన వాడల భజన కూటాల్లో, చర్చిల్లో, పాత నాటక సమాజాల అటకల మీద పెట్టెలు చాలా ఉన్నాయి. తిత్తి చిరిగిందని, రెండు రీడ్లు మూగపోయాయని మూలన పెట్టి కొత్త కరెంటు కీబోర్డు కొన్నవాళ్ళు ఉన్నారు. ఆ పెట్టెను పారేయవద్దు. తిత్తి మార్చడం, రీడు గీకి శ్రుతి చేయడం తెలిసిన పెద్దలు మన రెండు ఊళ్ళలోనూ ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరకు తీసుకుపోండి. పోయేటప్పుడు ఇంట్లో పిల్లనో పిల్లవాణ్ణో వెంట తీసుకుపోండి. బాగు చేస్తున్నంతసేపు పక్కన కూర్చోబెట్టండి. కూలి అడిగినంత ఇవ్వండి, బేరం ఆడవద్దు.

ఇంకొకటి. మీ వాడ భజనలో, నాటకంలో, చర్చిలో ముందు తరంలో పెట్టె వాయించినవాళ్ళ పేర్లు, బాగు చేసినవాళ్ళ పేర్లు, పండగ రాత్రుల్లో పెట్రోమాక్సు లైటు మోసినవాళ్ళ పేర్లు కూడా, ఒక కాగితం మీద రాసి పత్రిక ఆఫీసుకు పంపండి. తెలుగు రాయడం రానివాళ్ళు తమిళంలో రాసినా సరే, మేము తెలుగులో వేస్తాం. పేరుకు పక్కన ఏ వాడ, ఏ మిల్లు, ఏ పని అని ఒక ముక్క చాలు. వచ్చినవన్నీ ఈ పుటలోనే వరసగా వేస్తాం.

మద్రాసు పోయినప్పుడు రైలుకు రెండు గంటల టైం ఉంటే ఆ చర్చి చూసి రండి. ఆదివారం పొద్దున ఆరాధన వేళకు పోతే పాట కూడా వినవచ్చు. ఏ మతం వాళ్ళమైనా చెప్పులు, సెల్‌ఫోను, గొంతు అదుపులో పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చుంటే సరి.

వచ్చే నెల మిల్లు క్యాంటీన్ బాయిలర్ గురించి.